ఏడో మేకు

నాకు రాళ్ళతో తప్ప మనుషులతో పడదని మా అక్క అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. రాయి అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదాని జోలికి రాదు. మనుషులు అలా కాదు. మా బావైతే అసలు కాదు. నోరు మూసుకుంటే ఎక్కడ తుప్పు పడుతుందోనన్నట్టు మాట్లాడుతూనే ఉండేవాడు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కొండను డ్రిల్లుతో తొలిచి లోపల్నుంచి పొడుగాటి రాతి కడ్డీలు తీస్తారు. వాటిని కోర్ అంటాం. నేను వాటిని కడిగి, చెక్కపెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసుకుంటాను. మేం వెతికేది టాంటలం అనే లోహం. తెల్లరాతిలో ఆవగింజలంత నల్లటి గింజలుగా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది. ఫోన్లలో వాడతారు. ఆ గింజల కోసం మూడేళ్ళుగా కొండ కొండంతా గాలిస్తున్నాం.

"ఫోన్లో చిటికెడు మసి కోసం కొండకు ఇన్ని బెజ్జాలా?" అనేవాడు బావ. "మీ అక్క రెండు చెవులు కుట్టించుకోడానికే మూడు రోజులు ఏడ్చింది."

బావ డ్రిల్లర్. ఈ పనిలో పెట్టించింది నేనే. అక్కకి అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. కొండ కింద ఊళ్ళో అద్దెకు రెండు గదులు తీసుకుని ఉంటోంది, జీపులో మూడు గంటల దారి. మేం బయల్దేరిన పొద్దున గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఇద్దర్ని పోగొట్టుకున్నాను. ఈసారి పురుడొచ్చే వేళకి మీ బావ నా పక్కన ఉండాలి. నువ్వే తీసుకెళ్తున్నావు. నువ్వే తీసుకురావాలి."

"తెస్తాలేవే, ఎక్కడికి పోతాడు?" అన్నాను చెప్పులు వేసుకుంటూ. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

పైన ఆరు బెజ్జాలు వేశాక తెల్లరాయి కొండ లోపలికి వాలుగా దిగుతోందని తేలింది. దాన్ని దగ్గర్నుంచి పట్టాలంటే పాత సొరంగంలోంచి డ్రిల్లు వెయ్యాలి. ఆ సొరంగం ఎవరు తవ్వారో, ఎందుకు ఆపేశారో చెప్పే కాయితం ఒక్కటి కూడా దొరకలేదు. నూట నలభై మీటర్లు తిన్నగా వెళ్ళి, మనసు మారినట్టు ఒక గోడ దగ్గర ఆగిపోతుంది. ఆ గోడ నెర్రెల్లోంచి ఏడాది పొడుగునా నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళనే ఒక ఇనప పైపులో పట్టి, సొరంగం పొడుగునా తెచ్చి, కొండ దిగువకి పంపిస్తున్నారు. మా అక్క వంటింట్లో కుళాయి తిప్పితే వచ్చేది ఆ నీళ్ళే.

సొరంగం మూతి దగ్గర ఇనప గేటు, రేకుల కప్పు. గేటు పక్కన రాతికి బిగించిన పాత చెక్కపలక. పలక మీద మేకులు రెండు వరసలు. పై వరస మీద 'బయట' అని, కింది వరస మీద 'లోపల' అని రాసుంది. లోపలికి వెళ్ళేవాడు తన నంబరు బిళ్ళని పై మేకు నుంచి తీసి కింది మేకుకి తగిలించుకోవాలి. బయటికొచ్చాక మళ్ళీ పైకి. కింద ఒక్క బిళ్ళ ఉన్నా గేటుకి తాళం వెయ్యకూడదు. పలక కూడా మాది కాదు, పాతవాళ్ళదే. పది మేకులుంటే మేం ఆరు వాడుకుంటున్నాం. నాది ఒకటో నంబరు, మేం పొడుగు అని పిలిచే హెల్పర్‌ది మూడు, బావది అయిదు. మిగిలిన మూడు బిళ్ళలూ పక్క కొండ మీద పనిచేస్తున్న జట్టువి, వాళ్ళే పట్టుకుపోయారు.

ఈ పలకకి కాపలాదారు గేటు మామ. చిన్నప్పట్నుంచీ గనుల్లో పనిచేసి ఒక చెవి వినికిడి పోగొట్టుకున్న ముసలాయన. మా అందరినీ అల్లుడూ అని పిలిచేవాడు. ఒకరోజు బావ చేతులకి గ్రీజు ఉందని అతని బిళ్ళ నేను మార్చబోతే నా మణికట్టు మీద కర్రతో ఒక్కటిచ్చాడు.

"ఎవరి బిళ్ళ వాళ్ళే మార్చాలి అల్లుడూ. ఇంకొకడు మారిస్తే బిళ్ళ బయటికొచ్చినట్టు. మనిషి వచ్చినట్టు కాదు."

"సరేలే మామా, చెయ్యి విరగ్గొట్టకు. వీడికి రాసుకోడం తప్ప ఇంకో పని రాదు" అని బావ నవ్వాడు.

లోపల ఫోను, వైర్‌లెస్సు పనిచెయ్యవు కాబట్టి కబురంతా ఆ నీళ్ళ పైపు మీదే. స్పానరుతో కొట్టాలి. గేటు మీద సున్నంతో రాసుండేది కూడా: ఒక దెబ్బ అయితే ఆపు. రెండయితే వస్తున్నా. మూడయితే నన్ను బయటికి తియ్యండి. మూడు కొట్టినవాడు కాస్త ఆగి తన నంబరెంతో అన్ని దెబ్బలు కొట్టాలి.

ఒక సోమవారం గేటు మామకి పన్ను వాచి బుగ్గ బూరెలా అయింది. కూరగాయల జీపులో ఊళ్ళోకి దిగిపోతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ పలకని ఒకసారి చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే నేను తప్పు చేశాను.

డ్రిల్లు సమంగా నిలబడడానికి గోడ దగ్గరి బురద తీస్తుంటే పారకి ఏదో తగిలి ఖంగుమంది. ఇత్తడి బిళ్ళ. కిలుం పట్టి పచ్చగా ఉంది. ప్యాంటుకి తుడిస్తే సుత్తితో కొట్టిన అంకె కనిపించింది. ఏడు.

"ఏడో ఆయన దొరికాడోయ్!" అన్నాడు బావ. "క్యాంపులో వంటావిడకి చెప్పు, రాత్రికి ఇంకో పళ్ళెం పెట్టమను."

భోజనానికి బయటికొచ్చినప్పుడు దాన్ని పలక దగ్గర పెట్టి చూశాను. ఏడో మేకు చుట్టూ చెక్క మీద గుండ్రటి మచ్చ ఉంది. బిళ్ళ ఆ మచ్చలో చక్కగా సరిపోయింది. నాకు పెట్టెలో ఒక్క రాయి తప్పిపోయినా నిద్ర పట్టదు. దాని చోట అది చేరింది కదాని నాకు భలే తృప్తిగా అనిపించింది.

"పై మేకుకి పెడతావేంట్రా బామ్మర్దీ?" అన్నాడు బావ. "లోపల దొరికినవాడు లోపల ఉన్నట్టే కదా."

నిజమేననిపించింది. నవ్వుకుంటూ కింది వరసకి తగిలించాను. ఒక మనిషి లోపలున్నాడని నా చేత్తో నేనే రాసిపెట్టినట్టయింది.

నాలుగింటికి మబ్బులు కొండ మీదికి దిగుతాయి, పని ఆపేస్తాం. బావ, పొడుగు, నేను ఎవరి బిళ్ళలు వాళ్ళు పైకి మార్చుకున్నాం. ఏడు కిందే ఉంది. తాళం వెయ్యాలంటే కింద బిళ్ళ ఉండకూడదు. దాన్ని కూడా పైకి మార్చేశాను. తర్వాత వైర్‌లెస్సులో క్యాంపుకి రోజూ చెప్పే మాట చెప్పాలి. పై వరస చూసి, లెక్కపెట్టి, "నలుగురూ బయటికొచ్చేశారు" అన్నాను. అలవాటు మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో చూడండి. పొడుగు పక్కనుంచి కిసుక్కుమన్నాడు గానీ నాకెందుకో అప్పుడు అర్థం కాలేదు.

వంటగదిలో నాలుగు పళ్ళాలు పెట్టున్నాయి. వంటావిడ వైర్‌లెస్సు విని, గేటు మామ తిరిగొచ్చేశాడనుకుందట. మేం సగం తిన్నాక ఆవిడ గుమ్మంలోకి చూసి అడిగింది.

"ఆ పెద్దాయన తినకుండానే పోయాడేం?"

"ఏ పెద్దాయన?"

"ఇందాక మీకంటే ముందు వచ్చాడే, దీపం పట్టుకుని. మామ కాదులే. గుమ్మం బయటే నించున్నాడు. లోపలికి రండి, అన్నం పెడతానంటే, 'నేనింకా బయటికే రాలేదమ్మా' అన్నాడు. ఏం వేళాకోళమో ఏమో."

బావ పగలబడి నవ్వాడు. పొడుగే ఏదో ఆట పట్టించాడని మేమిద్దరం తీర్మానించాం. పొడుగు ఒట్టేసి కాదన్నాడు. గుమ్మం దగ్గర మాత్రం ఒక వాసన ఉంది. పండ్ల గోదాముల్లో కాయలు మగ్గబెట్టే కార్బైడ్ వాసన. పూర్వం గనుల్లో దీపాలు దాంతోనే వెలిగించేవాళ్ళని నాకు తెలుసు. తెలిసి కూడా చేతులు కడుక్కుని వెళ్ళి పడుకున్నాను.

పొద్దున్న గేటు తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఏడో బిళ్ళ మాత్రం కింది మేకుకి వేలాడుతోంది.

"ఒరేయ్ పొడుగూ, ఇక చాలు" అన్నాను.

 వాడు ఏడో బిళ్ళకి చెయ్యి తగలకుండా తన బిళ్ళ కిందికి మార్చుకున్నాడు.

లోపల పదకొండింటి దాకా అంతా మామూలుగానే సాగింది. మూతి దగ్గర జనరేటరు, అక్కణ్ణుంచి వైరు, వైరుకి నాలుగు బల్బులు, చివర డ్రిల్లు. గోడలోకి అడ్డంగా తొలుస్తున్నాం. వచ్చిన కోర్ చూసి నాకే ఉత్సాహం వచ్చింది. తెల్లరాతి నిండా నల్లగింజలు, అంత దట్టంగా ఎప్పుడూ చూడలేదు. హెల్మెట్‌కున్న దీపం ఊడదీసి, కోర్ పెట్టె అంచు మీద పెట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ రాసుకుంటున్నాను. పద్దెనిమిది మీటర్ల దగ్గర డ్రిల్లు గొంతు మారింది. రాడ్లు ఒక్కసారిగా ముందుకి జారిపోయాయి... దాదాపు నిలువెత్తు దూరం. బెజ్జంలోకి పంపే నీళ్ళు వెనక్కి రావడం ఆగిపోయింది.

బావ మిషను ఆపాడు. "అవతల ఖాళీగా ఉందిరా" అన్నాడు.

"ఉండడానికి వీల్లేదు. సొరంగం ఇక్కడితో ఆఖరు."

"నీ కాయితంలో ఆఖరు. కొండకి నీ కాయితం ఎవరు చూపించారు?"

మిషను ఆగాక సొరంగంలో ఉండే నిశ్శబ్దం బయట ఎక్కడా ఉండదు. నీటిచుక్కలు పడే చప్పుడు. మా ముగ్గురి ఊపిరి. రాడ్డు పక్కనున్న సందులోంచి సన్నగా గాలి తగిలింది. వెచ్చగా ఉంది. కార్బైడ్ వాసన.

అప్పుడు రాడ్డు మోగింది.

మేం ఎవరం ముట్టుకోలేదు. అవతలి కొస నుంచి ఇనుము మీద ఇనుముతో కొట్టినట్టు... టంగ్. టంగ్. టంగ్. ఆగింది. మళ్ళీ మొదలైంది. తొందర లేకుండా, ఒక్కొక్కటే. నేను లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

ఏడు.

పొడుగు పార కింద పడేశాడు. "నే పోతా... నే పోతా" అని గొణిగి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. వాడి బూట్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

"బావా, పద" అన్నాను. అతని చొక్కా పట్టి లాగాను.

బావ కదల్లేదు. జీవితంలో మొదటిసారి అతని మొహంలో వేళాకోళం లేదు. హెల్మెట్ తీసి కింద పెట్టి, వంగి, రాడ్డుకి చెవి ఆనించాడు.

"ఊపిరి తీస్తున్నాడురా" అన్నాడు గుసగుసగా.

"గాలి బావా, గాలి అది."

"గాలి నంబరు కొడుతుందా?"

"నీకు దణ్ణం పెడతాను... అక్క నన్ను..."

"మీ అక్కకే ఏం చెప్పమంటావు? మనిషి పిలుస్తుంటే విని వచ్చేశానని చెప్పనా?" స్పానరు తీసుకున్నాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే రాడ్డు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

వస్తున్నా.

బల్బులు ఆరిపోయాయి.

జనరేటరు తాను ఆపలేదని పొడుగు తర్వాత ఏడుస్తూ చెప్పాడు. నేను ఉలిక్కిపడి లేవడంలో కాలు తగిలి కోర్ పెట్టె తిరగబడింది. దాని మీదున్న నా దీపం బురదనీళ్ళలో పడి ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. కింద పెట్టిన బావ హెల్మెట్ దీపం కూడా వెలగడం లేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

"బావా!"

చేతులు చాపి తడిమాను. ఖాళీ.

"బావా... ఆటలాడకు..."

రాళ్ళు ఒరుసుకున్న చప్పుడు. ఎవరో పొట్ట మీద పాకుతున్నట్టు... తర్వాత అదీ లేదు. బావ నిలబడింది నా కుడిపక్కన. మాట మాత్రం ఎడమపక్క నుంచి వచ్చింది. చెవిలో చెప్పినంత దగ్గరగా.

"పద బాబూ. పద."

చెయ్యి దొరికింది. పట్టుకున్నాను. ఇంకో చేత్తో గోడ వెంట నీళ్ళ పైపు తడిమి, దాని ఆధారంతో పరుగు మొదలుపెట్టాను. అక్కకిచ్చిన మాట ఒక్కటే బుర్రలో ఉంది. తీసుకెళ్ళాలి. ఎలాగైనా తీసుకెళ్ళాలి.

యాభై అడుగులు వేశాకేమో, ఆ చెయ్యి పొడిగా ఉందని తెలిసింది. పొద్దుట్నుంచీ డ్రిల్లు మీద పనిచేసినవాడి చెయ్యి. నీళ్ళు, బురద, గ్రీజు ఉండాలి. అది ఎండిన సుద్దముక్కలా ఉంది. పట్టుకుంటే రాలుతోంది.

బావ నన్ను బామ్మర్దీ అంటాడు, ఒరేయ్ అంటాడు, కోపమొస్తే గాడిదా అంటాడు. బాబూ అని ఎప్పుడూ అనలేదు.

అప్పుడే నా ఎడమ అరచేతి కింద పైపు అదిరింది.

మూడు దెబ్బలు. గోడ వైపు నుంచి... మేం వదిలేసి వస్తున్న వైపు నుంచి. గబగబా, చేతికి దొరికిన దాంతో కొట్టినట్టు. ఆగింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు.

నేను ఆగలేదు. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి. చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదో అడగలేదు. వెనక్కి తిరగలేదు. ఇంకా గట్టిగా పట్టుకుని ఇంకా వేగంగా పరుగెత్తాను. ముందు వెలుతురు చుక్క కనబడుతోంది. ఆ చుక్క తప్ప నాకింకేమీ అక్కర్లేకపోయింది.

గేటు దాటాక తిరిగి చూశాను. బావే. బావ మొహమే. బావ చొక్కా, మోచేతి దగ్గర అక్క వేసిన అతుకుతో సహా. నా ప్రాణం లేచొచ్చింది. ఏడ్చేశాను కూడా.

అతను నా వైపు చూడలేదు. మబ్బుపట్టిన ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆ కాస్త వెలుతురుకే కళ్ళు చికిలించి, నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా చూశాడు. తర్వాత రేకుల కప్పుని చూశాడు. తన చేతులు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. నెమ్మదిగా పలక దగ్గరికి వెళ్ళాడు.

అతని చెయ్యి అయిదో మేకు దాటింది. ఏడో మేకు దగ్గర ఆగింది. ఇత్తడి బిళ్ళని రెండు వేళ్ళతో తీసి, బొటనవేలితో ఒకసారి తుడిచి, పై మేకుకి తగిలించాడు. అది ఊగడం ఆగేదాకా చూసి, ఊపిరి వదిలాడు. ఎంత పొడుగు ఊపిరో చెప్పలేను.

"బావా... నీ బిళ్ళ?"

నన్ను చూశాడు. మర్యాదగా, కొత్తవాణ్ణి చూసినట్టు.

గేటు పక్కన పైపు మోగింది. మూడు. ఆగి... అయిదు. ఈసారి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. కొట్టేవాడు అలిసిపోతున్నాడు.

మలుపులో జీపు ఇంజను ఆన్ చేసి పొడుగు హారన్ మోగిస్తున్నాడు. నా ముందు బావ నిలబడి ఉన్నాడు. ఉన్నాడా లేదా? కళ్ళెదురుగా మనిషిని పెట్టుకుని, చప్పుడు కోసం మళ్ళీ ఆ చీకట్లోకి ఎవడు పోతాడు? పైపులో గాలి చేరి ఉంటుంది. మేం పరుగెత్తిన అదురు ఉంటుంది. ఇలా ఎన్నో చెప్పుకున్నాను. పొడుగు తన బిళ్ళ పైకి మార్చుకునే పోయాడు. కింది వరసలో నా ఒకటో బిళ్ళ పక్కన అయిదో బిళ్ళ ఒక్కటే మిగిలింది. కింద బిళ్ళ ఉండగా తాళం వెయ్యకూడదు.

రెండూ నేనే పైకి మార్చాను. తాళం వేశాను.

గేటు మామ మర్నాడు వచ్చాడు. బుగ్గ తగ్గింది. పలక ముందు చాలాసేపు నిలబడ్డాడు. వంటావిడ చెప్పింది విన్నాడు, పొడుగు చెప్పింది విన్నాడు. నన్ను ఒక్కటే అడిగాడు.

"అయిదు ఎవరు మార్చారు అల్లుడూ?"

"నేనే మామా."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తాళంచెవి తీసుకుని ఒక్కడే లోపలికి వెళ్ళి గంట తర్వాత వచ్చాడు. గోడ దగ్గర ఎవరూ లేరన్నాడు. బావ హెల్మెట్, స్పానరు తెచ్చాడు. "నాకేమీ వినపడలేదు. అయినా నాకు వినపడేది సగమే కదా" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

గోడ అవతల పాత తవ్వకాలున్నాయని, ప్రమాదమని పైవాళ్ళు పని ఆపించేశారు. నల్లగింజలు అంత దట్టంగా దొరికిన బెజ్జాన్ని అలాగే వదిలేశారు. నాలుగో రోజుకల్లా సొరంగం మూతికి రాళ్ళు, సిమెంటు పెట్టి మూసేశారు. నీళ్ళ పైపుకి మాత్రం దారి వదిలారు. ఊరికి నీళ్ళు కావాలి కదా. గోడ కట్టేటప్పుడు నేను వెళ్ళలేదు. జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పొడుగు పని మానేశాడు. బావ అప్పటికే జీపులో అక్క దగ్గరికి దిగిపోయాడు. బయల్దేరే రోజు గేటు మామ అయిదో బిళ్ళ ఊడదీసి నా జేబులో వేశాడు.

"ఇది ఆయన చేతికే ఇవ్వు. నాది అని తీసుకున్నాడా, మనిద్దరం వెర్రివాళ్ళం. అంతకంటే కావలసిందేముంది?"

అది ఇవ్వడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. బావ పక్కనే ఉన్నాడు, అక్క కోరుకున్నట్టే. ఇంకా రాలేదేమని అక్క తిడుతూ రోజూ ఫోను చేసేది. చివరికి ఒక సాయంత్రం వెళ్ళాను. అక్క ఒళ్ళు చేసింది. మొహం కళకళలాడుతోంది. నన్ను చూడగానే నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది.

"మాట నిలబెట్టుకున్నావురా. నీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

నేను లోపలి గది వైపు చూశాను.

"బావ ఎలా ఉన్నాడే?"

"అదే విచిత్రం. అంత వాగుడుకాయా ఇప్పుడు నోరు విప్పరు. పిల్లని ఒళ్ళోంచి దించరు. రాత్రంతా దీపం వెలగాల్సిందే, ఆర్పనివ్వరు. పిల్ల పుట్టాక మగాళ్ళు మారతారంటే ఏమో అనుకున్నాను."

లోపలి గదిలో బావ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పిల్ల. నన్ను చూసి తల ఊపాడు. నేను పక్కన కూర్చుని, జేబులోంచి బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టాను. నా వేళ్ళకి అతని చెయ్యి తగిలింది. పొడిగా ఉంది.

అతను బిళ్ళని దీపం దగ్గర పెట్టి చూశాడు. తిప్పి చూశాడు.

"ఎవరిది బాబూ ఇది?"

 అతను బిళ్ళని మర్యాదగా నా చేతిలోనే పెట్టేశాడు. పిల్ల కదిలి ఏడుపు మొదలుపెట్టింది. అతను దాన్ని భుజాన వేసుకుని జోకొట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా, ప్రేమగా. వీపు మీద మూడుసార్లు. ఆగాడు. తర్వాత ఒక్కొక్కటే... ఏడుసార్లు. పిల్ల ఊరుకుంది.

వంటింట్లో కుళాయి దగ్గర పైపు చప్పుడు చేసింది. మూడు. చాలా సేపు ఏమీ లేదు. అయిపోయిందనుకున్నాను. తర్వాత ఒకటి... రెండు... మూడు... నాలుగు...

నాలుగు దగ్గర ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఎంతసేపటికో, గోరుతో గీకినంత సన్నగా, అయిదోది వినిపించింది.

అక్క గిన్నె తుడుస్తూ గుమ్మంలోకి వచ్చింది. నా మొహం చూసి నవ్వింది.

"ఆ పైపుకేనా అంత ఉలిక్కిపడుతున్నావు? మీరు కొండ దిగినప్పట్నుంచీ ఇంతే. లోపల గాలి చేరిందట, కొన్నాళ్ళకి అదే తగ్గిపోతుందట. మీ బావే చెప్పారు."